డీఫ్లోరిడేషన్ అను మాటను గూర్చి

మన పావగడ తాలూకా మూడు దిక్కుల ఆంధ్రప్రదేశముచే చుట్టబడి, ఒక్క దిక్కున మాత్రమే తక్కిన కర్ణాటకముతో కలిసియున్నది. ఇంటిలో తెలుగు, బడిలోను కచేరీలోను కన్నడము, పైచదువులకు ఆంగ్లము. ఈ మూడింటి నడుమ మన పిల్లలు పెరుగుచున్నారు. ఇది క్రొత్త సంగతి కాదు. మైసూరు సంస్థాన కాలమునందును, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగిన పిమ్మటను, 1973లో మైసూరు రాష్ట్రము కర్ణాటకమను పేరు దాల్చిన పిమ్మటను మన కుటుంబముల స్థితి యిదియే. మూడు భాషలు వచ్చిన బిడ్డ యదృష్టవంతుడే. కాని మూడవదగు ఆంగ్లములో పెద్దమాట యెదురైనపుడు ఆ బిడ్డ తడబడుటయు, తడబడి బట్టీ పట్టుటయు, బట్టీ పట్టినది మరచుటయు మేము చూచుచున్నాము. కనుక ఈ వారము అట్టి పెద్దమాట నొకదానిని తీసికొని, దానిని విడదీయు తెరువును గూర్చి మా యభిప్రాయమును పాఠకుల ముందుంచుచున్నాము.

పెద్దమాట లనగానే కొందరు ఉపాధ్యాయులకును తలిదండ్రులకును స్ఫురించునవి వేరు. ఆంగ్లనిఘంటువులలో 45 వర్ణములు గల ఊపిరితిత్తుల వ్యాధిపేరొకటి కలదు. అది 1935 ప్రాంతమున అమెరికాలో పదవినోదప్రియు లొకరు, అన్నిటికంటె పొడవైన మాట కావలెనను కోరికతోనే కల్పించినది. వైద్యులు దానిని వాడరు. రోగులు దాని నెరుగరు. అట్టిదానిని వేదికమీద గడగడ వల్లించి చప్పట్లు కొట్టించుకొన్న బిడ్డను మేము నిందింపము, జ్ఞాపకశక్తి మెచ్చదగినదే. అయినను ఆ వల్లింపు వలన ఆ బిడ్డకు రెండవ మాట యొక్కటియు రాదు. మేము తీసికొన్న మాట యట్టిది కాదు. అది మన నీళ్లకు సంబంధించినది. నీటిశాఖ కాగితములలోను, విజ్ఞానశాస్త్ర పాఠములలోను, వార్తలలోను మనకు తరచు తారసపడు మాట: ‘డీఫ్లోరిడేషన్’. ఆంగ్లలిపిలో దీనికి 14 వర్ణములు.

ముందుగా ఒక పరిభాష. ఈ వ్యాసమున ఆంగ్లలిపిలోని ఒక్కొక్క గుర్తును వర్ణమందుము. నోటితో ఒక్క ఊపున పలుకు భాగమును, మన ఛందస్సులో వలెనే, అక్షరమందుము. అర్థమిచ్చు భాగమును అర్థఖండమందుము. పెద్దమాటను రెండు విధముల విడదీయవచ్చును: చెవికి తగినట్లు అక్షరములుగాను, బుద్ధికి తగినట్లు అర్థఖండములుగాను. ఈ రెండు విభాగములు వేరువేరు. రెండును రావలెను. మేము చెప్పదలచిన దంతయు ఈ మూడు చిన్నవాక్యములలో నున్నది. తక్కినది నిదర్శనము.

మొదట చెవి విభాగము చూతము. డీ, ఫ్లో, రి, డే, షన్. ఇవి ఐదక్షరములు. కొందరు రెండవదానిని ‘ఫ్లూ, ఒ’ యని సాగదీసి ఆరు చేయుటయు కలదు. అది తప్పు కాదు. కాని మన పిల్లలలో పలువురు దీనిని ఏడు చేయుదురు: డీ, ఫు, లో, రి, డే, ష, ను. కారణము తెలిసినదే. తెలుగుమాట అచ్చుతో ముగియుట కలవాటు పడినది. బస్సు, స్కూలు, రోడ్డు అని పరభాషా పదములకు సైతము చివర ఉకారము చేర్చి మన వానిగా చేసికొంటిమి. జంటహల్లుల నడుమ ఒక అచ్చు దూర్చుటయు నట్టిదే. మనలో మనము మాటలాడునపుడు ఇది దోషము కాదు, భాష స్వభావము. ఆంగ్లము చదువునపుడు మాత్రము ఈ చేర్పులను తీసివేయుట నేర్వవలెను.

ఇందుకు మనకు పరాయి శాస్త్రము అక్కరలేదు. గురులఘువులు నేర్చిన బిడ్డకు పొల్లుహల్లు విడిగా లెక్కకు రాదనియు, తన ముందున్న యక్షరముతో కలిసి దానిని గురువు చేయుననియు తెలియును. కావున ‘షన్’ అనునది రెండు కాదు, ఒక్కటే. ‘ఫ్లో’ అనునదియు సంయుక్తాక్షరమగుట ఒక్కటే. ఈ లెక్కన మన మాట గురువు, గురువు, లఘువు, గురువు, గురువు. అనగా ఒక త గణము, దానిపై రెండు గురువులు. పద్యమునకు గణవిభజన చేయగల బిడ్డ ఈ పదమును నిమిషములో ఐదుగా కోయగలడు. పద్యము చదువుట యెందులకని యడుగువారికి ఇదియు నొక సమాధానము.

అయితే మన కొలత యొకచోట మోసపుచ్చును. మనకు గురువన్న కాలపరిమాణము; ఆంగ్లమున కొక యక్షరముపై ఊనిక ముఖ్యము. చివరి ‘షన్’ మన లెక్కలో గురువైనను, ఆంగ్లేయుని నోట అది మిక్కిలి తేలికగా జారిపోవును. ఊనిక యంతయు దాని ముందున్న ‘డే’ మీద పడును. దీని కొక సులభమైన సూత్రము కలదు: ‘ఏషన్’ అని ముగియు ఆంగ్లపదములన్నిటను ఊనిక ‘షన్’ కు ముందరి యక్షరము మీదనే. రిజిస్ట్రేషన్‌లో ‘ట్రే’, నోటిఫికేషన్‌లో ‘కే’, ప్లాంటేషన్‌లో ‘టే’. తిరుమణి ప్రాంతమున 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వచ్చినపుడు మన రైతుల కౌలుపత్రములతోపాటు ఇంటింట వినబడిన మాట కార్పొరేషన్, అందులో ‘రే’. ఒక్క సూత్రము తెలిసిన బిడ్డకు వందల మాటల పలుకుబడి దానంతట అదియే సరిపడును. వేదికమీది 45 వర్ణముల మాటకును దీనికిని గల భేదమిదియే.

ఇక బుద్ధి విభాగము. డీ, ఫ్లోర్, ఐడ్, ఏషన్. ఇవి నాలుగు అర్థఖండములు. మన సమాసములకు విగ్రహవాక్యము చెప్పునపుడు తత్పురుషమున ఉత్తరపదము ప్రధానమని మొదట చూతుము గదా. ఆంగ్లమున సైతము పెద్దమాటను తోకనుండి పట్టుకొనుట మంచిది. ‘ఏషన్’ అనునది లాటిను నుండి వచ్చిన ప్రత్యయము. ఒక పనిని, ఆ పని జరుగుటను తెలుపును. మన ‘తనము’, ‘రికము’ మొదలగు ప్రత్యయములవలె ఇదియు తాను ఒంటరిగా నిలువక, మాట చివర చేరి నామవాచకమును చేయును. తోక తెలియగానే ఇది వస్తువు పేరు కాదు, పని పేరని తేలిపోయినది.

దాని ముందున్న ‘ఐడ్’ రసాయనశాస్త్రజ్ఞుల గుర్తు. 18వ శతాబ్ది చివర ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఆక్సైడ్ అను మాటను కల్పించిరి. దానిని చూచి క్లోరైడ్, అయొడైడ్, సల్ఫైడ్ మున్నగునవి పుట్టినవి. ఒక మూలద్రవ్యము వేరొకదానితో కూడియున్నదని ఈ తోక తెలుపును. ‘ఫ్లోర్’ అనునది లాటినులో ప్రవాహము. లోహములను కరగించునపుడు ఒక ఖనిజమును కలిపినచో అవి సులభముగా పారునని 16వ శతాబ్దిలో జర్మనీ గనులను గూర్చి వ్రాసిన అగ్రికోలా యను పండితుడు తెలిపెను. ఆ ఖనిజమునుండి ఆ మూలద్రవ్యమునకు ఫ్లోరిన్ అను పేరు వచ్చినది. దానిని విడిగా రాబట్టుటకు పలువురు యత్నించి ప్రమాదముల పాలైరి. తుదకు 1886లో పారిసులో ఆన్రీ మొయసాన్ సాధించెను; ఆయనకు 1906లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది. పారుట యను మాట పారు నీటిలోని దోషమునకు పేరగుట విచిత్రమే కాని, కథ తెలిసిన బిడ్డ ఆ మాటను మరువడు.

మిగిలినది మొదటనున్న ‘డీ’. ఇది మన ఉపసర్గవంటిది. తొలగించుట, వెనుకకు త్రిప్పుట దీని యర్థము. కావున తోకనుండి తలవరకు కూర్చినచో విగ్రహవాక్య మిట్లగును: ఫ్లోరైడును తొలగించు పని. పదునాలుగు వర్ణముల భూతము మూడు తెలుగుమాటలలో ఒదిగినది.

ఉపసర్గ విషయమున నొక హెచ్చరిక. డకారముతో మొదలగు ప్రతిమాటలోను తొలగింపు లేదు. డెవలప్‌మెంట్ అనుదానిలో ‘డె’ ను తీసినచో మిగిలిన ముక్క ఆంగ్లములో ఒంటరిగా నిలువదు. డీఫ్లోరిడేషన్‌లో ‘డీ’ ని తీసినచో ఫ్లోరిడేషన్ అను నిండుమాట నిలుచును. ఇదియే పరీక్ష. మన పిల్లలకిది క్రొత్త కాదు: అన్యాయములో అకారము తీసిన న్యాయము నిలుచును, అరటిలో అకారము తీసిన ఏమియు నిలువదు. ఈ పోలిక యొకటి చెప్పినచాలు, పది సంవత్సరముల బిడ్డ తక్కినది తానే యూహించుకొనును.

ఇప్పుడు రెండు విభాగములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. చెవికి: డీ, ఫ్లో, రి, డే, షన్. బుద్ధికి: డీ, ఫ్లోర్, ఐడ్, ఏషన్. మొదటి గీత యొక్కటే రెండింటను ఒకేచోట పడినది. తక్కిన గీతలు కలియవు. ఫ్లోర్ చివరి రేఫము ‘రి’ లోనికి పోయినది. ఐడ్ చివరి డకారము ‘డే’ లోనికి పోయినది. విడిగా నున్నపుడు ‘ఐ’ యని పలికినది ఇక్కడ ‘ఇ’ యైనది. వ్రాతలో ఫ్లోరైడ్ చివరనుండు ‘ఇ’ యను ఆంగ్లవర్ణము, తరువాత అచ్చు వచ్చుటచే లోపించినది. బిడ్డ తికమకపడు చోటిదియే. చెవితో విడదీసి అర్థము వెదకినచో దొరకదు. అర్థముతో విడదీసి పలికినచో నోరు తిరుగదు.

ఈ తికమక ఆంగ్లమునకే ప్రత్యేకమా? కానేకాదు. ‘ఊరూరు’ అను మాటను తీసికొనుడు. చెవికి ఊ, రూ, రు. బుద్ధికి ఊరు, ఊరు. మొదటి ఊరు చివరి ఉకారము లోపించి, మిగిలిన హల్లు రెండవ ఊరి అచ్చుతో కలిసినది. తెలుగు వ్యాకరణమున దీనిని ఉత్వసంధి యందురు. మన పిల్లలు బడిలో చదువు కన్నడ వ్యాకరణమున ఈ మాటయే, ఇదే రూపమున, లోపసంధికి ఉదాహరణము. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున చెప్పినను, కేశిరాజు 13వ శతాబ్దిలో శబ్దమణిదర్పణమున చెప్పినను, అచ్చు లోపించి పదములు కలిసిపోవు తీరు రెండు భాషలకును సామాన్యమే. ఇంటిభాషయు బడిభాషయు ఒక్కటై నేర్పుచున్న ఈ తెలివిని మూడవ భాషకు వాడుకొనకుండుట, చేతిలో కొడవలి నుంచుకొని పైరును చేతితో పెరుకుట వంటిది.

ఆంగ్లేయులలోనే ఈ రెండు విభాగముల వివాదము పాతది. 1783లో అమెరికాలో నోవా వెబ్‌స్టర్ ప్రకటించిన వాచకమున, అంతకుముందు ఇంగ్లండు వాచకములు విడదీసిన తీరును కాదని, పిల్లలు నిజముగా పలుకునట్లు అక్షరములను విడదీసెను. నేడు మనము ఒకటిగా పలుకు ‘షన్’ ను పాత వాచకములు రెండు ముక్కలు చేసి నేర్పెడివి. ఈనాటికిని పంక్తి చివర పెద్దమాటను విరువవలసివచ్చినపుడు అమెరికా అచ్చుకూటములు ఉచ్చారణను, బ్రిటిషు అచ్చుకూటములు పదనిర్మాణమును ఎక్కువగా పాటించు సంప్రదాయము కలదు. ఆ భాష పుట్టిన చోటనే రెండు తెరువులున్నపుడు, మన ఉపాధ్యాయులు ఒక్కదానినే నేర్పి చాలించుట తగదని మా మనవి.

ఇంతవరకు చెప్పినది చదువు సంగతి. ఇది వట్టి చదువు సంగతియే యైనచో ఈ పత్రికలో ఇంత చోటు దీనికి ఈయకపోదుము. పావగడ తాలూకా భూగర్భజలములలో ఫ్లోరైడు మితిమీరియున్నదని పరిశోధనలు పలుమార్లు తేల్చినవి. భారతీయ ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము, వేరు నీరు దొరకనిచో 1.5 మిల్లీగ్రాముల వరకు మాత్రమే ఫ్లోరైడుండవచ్చును. అది మించిన నీరు ఏండ్లతరబడి త్రాగిన బిడ్డల పండ్లు మచ్చలుపడి గోధుమవన్నెకు తిరుగును. పెద్దల కీళ్లు బిగిసి వెన్ను వంగును. భారతదేశమున ఈ వ్యాధిని మొట్టమొదట 1937లో గుర్తించినది నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. దానికి విరుగుడుగా నాగపూరులోని జాతీయ పరిశోధనసంస్థ రూపొందించిన పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు. వ్యాధిపేరును విరుగుడు పేరును తెలుగుసీమలతో ముడిపడినవి. మన తాలూకాయు ఆ నేలతీరులోనిదే.

ఇప్పుడు ఆ రెండు వర్ణముల ‘డీ’ విలువ చూడుడు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రమందలి గ్రాండ్ ర్యాపిడ్స్ నగరమున 1945 జనవరి నుండి త్రాగునీటిలో ఫ్లోరైడును కొలిచి కలుపుట ప్రారంభించిరి. అచటి నీటిలో అది మిక్కిలి తక్కువ. పండ్లు పుచ్చకుండ కొంచెము కలుపుట మేలని వారి యుద్దేశము. ఆ పనికి పేరు ఫ్లోరిడేషన్. మనకు కావలసినది డీఫ్లోరిడేషన్. ఒకటి చేర్చుట, ఒకటి తీయుట. పరదేశమున ఫ్లోరిడేషన్ వలన కలిగిన మేలును గూర్చి చదివిన బిడ్డ, మొదటి రెండు వర్ణములను గమనింపక, మన ఊరి నీటికిని అదియే మందని ఇంటిలో చెప్పినచో, ఆ పొరపాటు ఎంతటిదో పాఠకులే యూహింపవచ్చును. ఉపసర్గ యొక్కటి పండ్లకును ఎముకలకును సంబంధించిన విషయమైనది.

ఇట్టిదే మరియొకటి. పంచాయతీవారు నీటితొట్టిలో బ్లీచింగు పొడి వేయుటను క్లోరినేషన్ అందురు. నీటిని కాచుట డిసిన్ఫెక్షన్‌లో నొక విధము. రెండును క్రిములను చంపుటకే. ఫ్లోరైడు క్రిమి కాదు. నీటిలో కరగియున్న లవణాంశము. కాచినచో అది పోదు సరికదా, నీరు ఇగిరిన కొలది లీటరుకు దాని పాలు పెరుగును. కాని మన యిండ్లలో మూడు పనులకును ‘శుద్ధి’ యను ఒక్కమాటయే వాడుకలో నున్నది. నీరు కాచి, చల్లార్చి, శుద్ధినీరని తృప్తితో బిడ్డకిచ్చు తల్లి కాచుట విషయమున తప్పు చేయుట లేదు. క్రిములు పోవుటకు అది మంచిదే. ఫ్లోరైడు విషయమున మాత్రము ఆ కాచుట ఆమెకు రక్షణ నీయదు. ఏ మాట ఏ పనికి పేరో విడదీసి తెలిసికొనిన యింటిలో ఈ భ్రమ నిలువదు.

నల్లగొండ పద్ధతినే చూడుడు. నీటిలో పటికయు, సున్నమును, బ్లీచింగు పొడియు కొలతప్రకారము వేసి కలుపుదురు. పిదప మూడు పనులు జరుగును: ఫ్లాక్యులేషన్, సెడిమెంటేషన్, ఫిల్ట్రేషన్. మూడింటికిని ఒకటే తోక; మూడును పనులు. మొదటిదానిలో లాటినున ఉన్నికుచ్చు అని యర్థమిచ్చు మాట కలదు. నీటిలో కుచ్చులవంటి మడ్డి కట్టుట. రెండవది ఆ మడ్డి అడుగున దిగుట. మూడవది వడపోత. తోక తెలిసిన బిడ్డకు ఈ మూడు మాటలును పాఠము కాదు, వంటింటిపని. నేడు మన గ్రామములలో నెలకొన్న నీటిఘటకములు చాలవరకు వేరుపద్ధతిన, సన్నని పొరగుండ నీటిని ఒత్తి లవణములను విడదీయునవి. పొర పాతబడినచో వాని సామర్థ్యము తగ్గును. ఆ ఘటకము ఫ్లోరైడును తీయుచున్నదా, పరీక్ష యెన్నడు జరిగినదని యడుగగలవాడు ఆ మాట నెరిగినవాడే.

మా యభిప్రాయమునకు వచ్చు ఆక్షేపణలను మేమెరుగుదుము. చేతిలోని ఫోను ఏ మాటనైనను పలికి వినిపించుచుండగా ఈ శ్రమ యేల యని కొందరందురు. ఫోను పలికి వినిపించును, నిజమే. అది చెవి విభాగమునకు సహాయము. కాని ఒక మాటను పదిమార్లు విన్నంతమాత్రమున దాని వంటి పదకొండవ మాట అర్థము కాదు. కీలెక్కడ నున్నదో తెలిసినవాడే క్రొత్తమాటను తానే విప్పుకొనును.

పిల్లలను ఆంగ్లమాధ్యమమున చేర్చితిమి, ఇక తెలుగు సంధులతో పని యేమని మరికొంద రందురు. వారికి మా సమాధానము పైన చెప్పినదే. ఊరూరు అనుదానిని విడదీయలేని బిడ్డ డీఫ్లోరిడేషన్‌ను విడదీయలేడు. నిచ్చెన మొదటిమెట్టు తీసివేసి మూడవమెట్టు మీద నిలువబడుమని చెప్పుట న్యాయము కాదు. ఇది కన్నడమునకు పోటీగా చెప్పుమాటయు కాదు. కన్నడము మన బడిభాష, మన రాజ్యభాష, మన ఇరుగుపొరుగుల భాష. లోపసంధి కన్నడమున నేర్చినను సరియే, ఉత్వసంధి తెలుగున నేర్చినను సరియే. ఏదో యొక దేశభాషలో మాట కీలు పట్టుకొను తెలివి రావలెను. ఇంటిభాషలో అది ముందుగాను సులభముగాను వచ్చునని మాత్రమే మేమందుము.

ఇక చేయవలసినది. ఇంటిలో పెద్దలు వారమునకొక పెద్దమాట తీసికొనుడు. ఔషధపు పెట్టెమీదిది గాని, కౌలుపత్రములోనిది గాని, బస్సునిలయపు బోర్డుమీదిది గాని. దానిక్రింద రెండు వరుసలు వ్రాయించుడు. మొదటి వరుసలో పలుకు విభాగము, రెండవ వరుసలో అర్థవిభాగము. రెండును ఎచట కలిసినవో, ఎచట విడిపోయినవో బిడ్డనే అడుగుడు. మీకు ఆంగ్లము రానక్కరలేదు. అవ్వ గాని తాత గాని సంధి విడదీయుట చూపినచో, బిడ్డ ఆంగ్లమున దానినే చేయును. తెలుగు వచ్చిన ముసలివారికి మనుమల చదువులో చోటు లేదనుకొను ఈ దినములలో, ఇది వారికి తిరిగి దొరకిన పీట.

ఉపాధ్యాయులు వ్యాకరణపు గంటలో సంధి చెప్పునపుడు విజ్ఞానశాస్త్ర పాఠములోని మాట నొకటి ప్రక్కన వ్రాయుదురు గాక. రాజ్యాంగమున 1956లో ఏడవ సవరణచే చేరిన 350-ఎ అనుచ్ఛేదము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగు సౌకర్యములు కల్పించుటకు యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. ఆ హక్కును పద్యములకును పండుగలకును మాత్రమే కాక, విజ్ఞానశాస్త్రమును అర్థము చేసికొనుటకును వాడుకొనవలెనని మా వాదము. అట్లు వాడుకొన్న హక్కు నిలుచును. వాడుకొననిది కాగితములో నుండిపోవును.

అధికారులకు ఒక విన్నపము. 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశమున, ఒక జిల్లా గాని తాలూకా గాని పురపాలకము గాని, అందలి జనాభాలో 15 శాతమునకు తగ్గక ఒక భాషాల్పసంఖ్యాకవర్గ మున్నచో, ముఖ్యమైన ప్రకటనలను ఆ భాషలోను వెలువరింపవలెనని అంగీకారము కుదిరినది. మన తాలూకాలో తెలుగు మాట్లాడువారు అంతకెంతో మించియున్నారన్నది అందరెరిగినదే. నీటిని గూర్చిన ప్రకటనకంటె ముఖ్యమైన ప్రకటన వేరొకటి లేదు. నీటిఘటకముల బోర్డులపై కన్నడము క్రింద తెలుగున నొక పంక్తి చేర్చుట గొప్ప వ్యయము కాదు. అందును ‘ఫ్లోరైడునిర్మూలనప్రక్రియాకేంద్రము’ వంటి క్రొత్త భూతమును నిలుపనక్కరలేదు. ఒక భయమును తీసి మరియొకటి పెట్టుట యగును. ‘ఇది ఫ్లోరైడు తీసిన నీరు’ అన్నచో చాలును. దానిప్రక్కన చివరిపరీక్ష జరిగిన తేదీయు, లీటరునకు ఎన్ని మిల్లీగ్రాములు తేలినదియు వ్రాసినచో ఇంకను మేలు.

మన పూర్వులు ఈ నేలకు వచ్చినపుడు బావి త్రవ్వి, రుచి చూచి, మంచినీరు, చప్పనీరు, ఉప్పునీరు అని పేర్లు పెట్టిరి. ఫ్లోరైడునకు మనము త్రాగు నీటిలో రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. కనుక నాలుక చేయు పనిని నేడు మాట చేయవలసియున్నది. ఆ మాట పరభాషలోనిది, పొడవైనది, మొదటిచూపున భయపెట్టునది. అయినను దానిని విప్పు తాళపుచెవి మన యింటిలోనే కలదని ఇంతవరకు చూపితిమి. వచ్చు ఆదివారము ప్రతియింటను ఒక బిడ్డ ఈ మాటను రెండు వరుసలుగా విడదీసి, ఇంటివారికి దాని యర్థము చెప్పి, మన కడవలోని నీరు ఏ విధమైనదని యడుగునుగాక. ఆ ప్రశ్నకు సమాధానము వెదకు పని పెద్దలది.